తాళం లేని వాగు

పిల్లలూ, వంటింట్లోకి వెళ్ళి అమ్మనడిగి ఒక లవంగం తీసుకోండి. చిన్న మేకులాగా ఉంటుంది. అది పండూ కాదు, విత్తనమూ కాదు. విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన పూమొగ్గ. ఇప్పుడు లవంగాలు చాలా దేశాల్లో పండుతున్నవి. మన కేరళలోనూ, తమిళనాడులోనూ కూడా తోటలున్నవి. కాని ఈ చెట్టుకు పుట్టిల్లు ఒక్కటే. ఇండొనీషియా దేశంలో తూర్పున ఉన్న మలుకు దీవులు.

అట్లాసు తెరిచి చూడండి. మన విశాఖపట్నం దగ్గర వేలు పెట్టి, బంగాళాఖాతం దాటించండి. సుమత్రా, జావా, సులవేసి దీవులను దాటి ఇంకా తూర్పుకు పోతే, న్యూగినీ చేరకముందే కొన్ని దీవులు గుప్పెడు గింజలు చల్లినట్టుగా కనిపిస్తవి. అవే మలుకు దీవులు. వాటిలో సెరాం అనేది చాలా పెద్ద దీవి. దానికి దక్షిణంగా అంబాన్. అంబాన్‌కు తూర్పుగా, చాలా అట్లాసుల్లో చుక్కంతైనా కనిపించని చిన్న దీవి ఒకటున్నది. దాని పేరు హరుకు. ఆ దీవి ఒడ్డున ఉన్న ఒక ఊరి పేరు కూడా హరుకే.

ఈ నెల మనం చూడబోయేది ఆ ఊరే. అక్కడ పెద్ద కట్టడాలు లేవు. నేను మీకు చూపదలచినది వేరొకటి ఉన్నది. ఆ ఊళ్ళో నేల ఎవరిది, చెట్టు ఎవరిది, వాగులో చేప ఎవరిది అన్న లెక్క ఒక పద్ధతి ప్రకారం నడుస్తుంది. పుస్తకాల్లో రాసి పెట్టిన లెక్క తక్కువ, మనుషులు గుర్తుంచుకున్న లెక్క ఎక్కువ. అయినా ఆ లెక్క సాగినంతకాలం ఊళ్ళో అందరికీ చేప దొరుకుతుంది. అది తప్పితే కొద్దిమంది చేతిలోనే వాగు ఖాళీ అవుతుంది.

ముందుగా ఒక తమాషా చెబుతాను. మలుకులో ఇటువంటి ఊరిని ‘నెగెరి’ అంటారు. ఇది మన ‘నగరి’ అన్న సంస్కృతపు మాటే. ఊరిపెద్దను ‘రాజా’ అంటారు. ఈ రాజుకు కిరీటమూ, సైన్యమూ ఉండవు. మన పాతకాలపు గ్రామపెద్దలాంటివాడు. పెద్దల సభను ‘సనిరి’ అంటారు. ఊళ్ళో కుటుంబాలు కొన్ని గుంపులుగా ఉంటవి. ఒక్కొక్క గుంపును ‘సోవా’ అంటారు. హరుకులో పెద్ద సోవాలు ఐదు. ఈ ఐదు అన్న అంకెను గుర్తుంచుకోండి. దీనితో తరవాత పని ఉన్నది.

ఈ దీవులకూ మన తెలుగుతీరానికీ పాత చుట్టరికం ఒకటున్నది. 1605లో డచ్చివాళ్ళు అంబాన్‌లో ఉన్న పోర్చుగీసువాళ్ళ కోటను పట్టుకున్నారు. అదే సంవత్సరం డచ్చి ఓడ ఒకటి మచిలీబందరు వచ్చింది, అక్కడ వాళ్ళ వర్తకం మొదలయింది. ఈ రెండూ ఒకే సంవత్సరం జరగటం కాకతాళీయమే అనుకున్నా, రెండింటి వెనుకా ఉన్న వ్యాపారం మాత్రం ఒకటే. మలుకు ప్రజలకు వెండి నాణాల కన్న నూలుబట్టలంటే ఎక్కువ ఇష్టం. అందుకని డచ్చివాళ్ళు మన తీరంలో నేతబట్టలూ, అద్దకపు బట్టలూ కొని, వాటిని తూర్పుదీవులకు తీసుకుపోయి, లవంగాలకూ జాజికాయలకూ మారకం వేసేవాళ్ళు. మన సాలెవాడు నేసిన బట్ట అక్కడి తోటమాలి నడుముకు చేరేది. అతను కోసిన లవంగం ఐరోపా వంటింటికి చేరేది. లాభంలో ఎక్కువభాగం మధ్యనున్న వర్తకుడికి చేరేది.

అంతటితో డచ్చివాళ్ళకు తృప్తి కలగలేదు. లవంగం తక్కువగా ఉంటేనే ధర ఎక్కువ పలుకుతుంది. అందుచేత 1652లో తెర్నాతే సుల్తానుతో ఒక ఒప్పందం చేసుకుని, మిగిలిన దీవుల్లో ఉన్న లవంగం చెట్లన్నీ నరికించారు. అంబాన్, హరుకు, సపరువా, నుసలౌట్ అనే నాలుగు దీవుల్లో మాత్రం ఉంచారు. పంటనంతా డచ్చికంపెనీకే, కంపెనీ చెప్పిన ధరకే అమ్మాలి. ఇతర దీవుల్లో ఎవరైనా దొంగచాటుగా చెట్టు పెంచుతున్నారేమో చూడటానికి పొడుగాటి యుద్ధపు పడవలు బయలుదేరేవి. వాటికి తెడ్లు వేసేవాళ్ళు ఈ ఊళ్ళవాళ్ళే! తమ తోటివాళ్ళ చెట్లు నరకటానికి తామే తెడ్లు వెయ్యవలసివచ్చింది. ఏ కుటుంబం తెడ్డు వేసేవాణ్ణి పంపాలో ఆ కుటుంబానికి కొంత భూమి ఉండేది. దాన్ని ‘దాతి’ భూమి అనేవారు. పడవలు ఎప్పుడో పోయినవి, కాని దాతి అన్న మాట ఈ దీవుల్లో ఇంకా పోలేదు. తాతలనాటి భూమి గురించి తగువు వస్తే ఇప్పటికీ ఆ పేరు వినబడుతుంది. హరుకు ఊరి ఒడ్డున డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో కట్టిన కోట శిథిలాలు కూడా ఉన్నవి.

ఇక ఊరు చూద్దాం.

ఒడ్డున ఇసక, ఇసక వెనక కొబ్బరిచెట్లు, వాటి మధ్య ఇళ్ళు. ఇప్పుడు సిమెంటు గోడలూ, రేకు కప్పులూ చాలా వచ్చినవి. పాతరకం ఇల్లు మాత్రం దాదాపు అంతా ఒకే చెట్టునుంచి తయారవుతుంది. ఆ చెట్టు పేరు సాగు. తాటిజాతికి చెందినది. బురదనేలలో పెరుగుతుంది. దాని ఆకులు కుట్టి ఇంటికప్పు వేస్తారు. ఆకుమట్టలు వరసగా పేర్చి గోడలు కడతారు. ఇక తిండి కూడా ఆ చెట్టే పెడుతుంది.

సాగుచెట్టు పదేళ్ళకు పైగా పెరిగి, జీవితంలో ఒక్కసారి పూస్తుంది. పూత కోసం అంతకాలమూ మానులో పిండిపదార్థం దాచుకుంటుంది. పూత వచ్చే ముందు చెట్టును కొట్టి, మాను చీల్చి, లోపలి మెత్తని గుజ్జును దంచి తురుముతారు. దాన్ని నీళ్ళు పోసి పిసికి వడకడితే, నీళ్ళ అడుగున తెల్లని పిండి పేరుకుంటుంది. మంచి చెట్టుకు వంద, రెండువందల కిలోల పిండి దొరకవచ్చు. వేడినీళ్ళు పోసి కలిపితే ఆ పిండి గంజికంటె చిక్కగా, జిగురుగా తయారవుతుంది. దాని పేరు పపెడా. రెండు పుల్లలతో చుట్టి తీసి, పసుపు వేసి కాచిన చేపల పులుసులో వేసుకుని మింగుతారు. నమలవలసిన పని లేదు. ఆ పిండినే మట్టి అచ్చుల్లో కాల్చి గట్టి రొట్టెలు కూడా చేస్తారు. అవి నెలల తరబడి పాడుకావు.

మీరు జ్వరం వచ్చినప్పుడు తాగే సగ్గుబియ్యం జావ గుర్తుకు వచ్చిందా? ఆ ‘సగ్గు’ అన్న మాట ఈ ‘సాగు’ నుంచి వచ్చినదే. ఐతే మన సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో తయారయే సగ్గుబియ్యంలో సాగుచెట్టు పిండి ఉండదు. అది కర్రపెండలంతో చేస్తారు. మనకు మాట మాత్రం మిగిలి, చెట్టు సముద్రానికి అవతలే ఉండిపోయింది.

ఊరి వెనకనున్న కొండవాలులో తోటలుంటవి. ఒకే తోటలో లవంగం, జాజికాయ, కొబ్బరి, డూరియన్ పండ్లచెట్లూ, కింద దుంపలూ కలిసి పెరుగుతవి. మన మామిడితోటలాగా వరసలు ఉండవు. చూసేవాడు అడవి అనుకుంటాడు. కాని అక్కడ ప్రతి చెట్టుకూ యజమాని ఉంటాడు.

ఇక్కడే మనం కొంచెం జాగ్రత్తగా గమనించాలి. మన ఊళ్ళో సాధారణంగా పొలం ఎవరిదైతే పొలంలో చెట్టు కూడా వాళ్ళదే అనుకుంటాం. మలుకులో నేల వేరు, చెట్టు వేరు. ఊరి పొలిమేర లోపలనున్న నేలా, అడవీ, ఒడ్డున కొంతమేర సముద్రమూ ఊరికంతటికీ చెందినవి. అందులో ఒక్కొక్క కుటుంబపు గుంపుకు కొంత భాగం ఉంటుంది. ఆ నేలలో అనుమతి తీసుకుని వేరొకరు లవంగం మొక్క నాటవచ్చు. నేల అతనిది కాకపోయినా చెట్టు అతనిదే. అతని తరవాత అతని పిల్లలది. లవంగం చెట్టు నూరేళ్ళకు పైగా బతకవచ్చు. కనుక ఇవాళ మొగ్గలు కోసే కుర్రవాడు ఆ చెట్టు నాటిన ముత్తాతను చూసి ఉండడు. కాని ఆయన పేరు మటుకు తెలిసి ఉంటుంది. తెలియకపోతే చెట్టు తనదని చెప్పుకోవటం ఎలా? అందుకే అక్కడ పిల్లలు తాతలను అడిగి చెట్ల చరిత్ర తెలుసుకోవటం ఆటవిడుపు పని కాదు. అది ఆస్తికి సంబంధించిన పని.

లవంగం పంట అన్ని ఏళ్ళూ ఒకే రీతిగా ఉండదు. కొన్నేళ్ళకొకసారి విరగకాస్తుంది. అప్పుడు ఊరంతా చెట్లమీదనే ఉంటుంది. కోసిన మొగ్గలను దారివెంట చాపలమీద ఆరబోస్తారు. గాలి నిండా లవంగపు వాసనే. ఎండిన లవంగాలు చాలాకాలం చెడవు. పిల్లల చదువులకో, పెళ్ళికో డబ్బు కావలసివచ్చినప్పుడు కొన్ని కిలోలు అమ్ముకుంటారు. వాళ్ళకు అదే బ్యాంకు.

మలుకులో మరొక పాత అలవాటున్నది. కొన్ని కొన్ని ఊళ్ళు జతకట్టి అన్నదమ్ములమని ప్రమాణం చేసుకుంటవి. ఈ చెలిమిని ‘పెలా’ అంటారు. ఒకటి క్రైస్తవుల ఊరు, రెండవది ముస్లిముల ఊరు కావచ్చు. పెలా ఊరినుంచి వచ్చినవాడు దారిలో ఆకలివేసి తోటలో పండు కోసుకుంటే అది దొంగతనం కాదు. అవతల ఊళ్ళో చర్చి కట్టినా, మసీదు కట్టినా ఇవతలివాళ్ళు వెళ్ళి సాయం చేస్తారు. 1999లో మొదలైన మతకలహాలు ఈ దీవులను చాలా బాధపెట్టినవి. హరుకు దీవిలోనూ ఇళ్ళు కాలినవి. 2002 ఫిబ్రవరిలో మాలినో అనే చోట శాంతి ఒడంబడిక జరిగింది. విడిపోయినవాళ్ళు మళ్ళీ కలవటానికి పాత పెలా చుట్టరికాలు చాలాచోట్ల అక్కరకు వచ్చినవి.

నేల గురించీ, చెట్టు గురించీ చెప్పుకున్నాం. ఇక నీటి సంగతి చూద్దాం. నీటిలో కంచె వెయ్యలేం. చేప మీద పేరు రాయలేం. పోటు సమయంలో మీ ముందున్న చేప పాటు సమయానికి ఎక్కడుంటుందో తెలియదు. మరి అది ఎవరిది?

పాటు వచ్చి సముద్రం వెనక్కు తగ్గినప్పుడు, ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలు పట్టుకుని ఒడ్డుకు వెళతారు. బయటపడిన పగడపు రాళ్ళ సందుల్లో నత్తలూ, ఆల్చిప్పలూ, చిన్న చేపలూ ఏరుకుంటారు. దీనికి పడవ అక్కర్లేదు, పెట్టుబడి అక్కర్లేదు. ఎంత బీదవాళ్ళకైనా ఆ పూట కూర దొరుకుతుంది. కాని అందరూ అన్నివేళలా అన్నీ ఏరుకుంటే కొద్దికాలానికి రాళ్ళు మాత్రం మిగులుతవి. ఈ సంగతి వాళ్ళ పూర్వులు ఏనాడో గ్రహించారు. అందుకు వాళ్ళు కనిపెట్టిన ఉపాయం పేరు ‘సాసి’.

సాసి అంటే కొంతకాలం ముట్టరాదని ఊరు పెట్టుకున్న కట్టు. కొబ్బరితోట మీద సాసి పెడితే కాయలు ముదిరేదాకా ఎవరూ కొయ్యరాదు. తోట యజమాని కూడా కొయ్యరాదు! సముద్రంలో కొంతమేర సాసి పెడితే అక్కడ వల వెయ్యరాదు. సాసి ఉన్నదని తెలియటానికి గుర్తు ఏమిటంటే, కర్ర పాతి దాని కొనకు లేత కొబ్బరాకు చుట్టటమే. గోడ లేదు, తాళం లేదు. ఆకు ఉన్నది గనక ఆగాలి, అంతే.

హరుకు ఊరి సాసి ఇండొనీషియా అంతటా పేరుపొందినది. దానికి కారణం ఒక చిన్నచేప. పేరు లొంపా. మన నెత్తళ్ళ కుటుంబానికి చెందినదే. హరుకులో లెయారిసా కయేలి అనే వాగు సముద్రంలో కలుస్తుంది. లొంపా చేపలు పగలంతా ఆ వాగులో ఉంటవి. పొద్దు కుంకగానే గుంపుగా సముద్రంలోకి వెళ్ళి మేసి, తెల్లవారుజామున మళ్ళీ వాగుకు తిరిగివస్తవి. పగలు పాఠశాలకూ, సాయంకాలం ఇంటికీ వెళ్ళే పిల్లల్లాగా, రోజూ ఇదే వరస.

ఈ చేపలు వాగుకు ఎలా వచ్చినవో ఊరివాళ్ళు ఒక కథ చెబుతారు. పూర్వం ఆ వాగులో ఒక ఆడమొసలి ఉండేదట. అది ఎవరినీ బాధించేది కాదు. ఊరివాళ్ళు వాగు దాటాలంటే అది అడ్డంగా పడుకునేది. వాళ్ళు దాని వీపుమీదుగా నడిచి అవతలికి వెళ్ళేవాళ్ళు. ఆ కాలంలోనే సెరాం దీవి ఒడ్డున ఒక పెద్దపాము చేరి అక్కడి మొసళ్ళను చంపసాగింది. సెరాం మొసళ్ళు వచ్చి హరుకు మొసలిని సాయం అడిగినవి. అది సముద్రం దాటి వెళ్ళి, పాముతో పోరాడి చంపింది. సెరాం మొసళ్ళు సంతోషించి దానికి కొన్నిరకాల చేపలను బహుమానం ఇచ్చినవి. వాటిలో ఒకటి లొంపా. కథ నిజమా, కాదా అని మనం వాదించుకోనక్కరలేదు. ఈ చేప ఊరికంతటికీ వచ్చిన బహుమతి అనీ, ఎవరో ఒకరు ఎత్తుకుపోకూడదనీ ఈ కథ చెబుతున్నది.

ఇక కట్టుబాటు ఎలా నడుస్తుందో వినండి. ఏప్రిల్, మే నెలల్లో చిన్న చిన్న లొంపా పిల్లలు గుంపులుగా ఒడ్డున కనిపిస్తవి. అప్పుడు సాసి మొదలుపెడతారు. దీన్ని నడిపేవాళ్ళను ‘కెవాంగ్’ అంటారు. వీళ్ళు అడవికీ, వాగుకూ, సముద్రానికీ కాపలాదారులు. అన్ని సోవాలనుంచీ ఎంపికైనవాళ్ళు. ఒక రాత్రి వాళ్ళు ఎండిన కొబ్బరాకు దివిటీలు పట్టుకుని బయలుదేరి, ఆచారం ప్రకారం జరగవలసిన తంతు జరిపి, ఊరంతా తిరుగుతూ కట్టుబాట్లు గట్టిగా చాటుతారు. అందరూ వింటారు. ఆ తరవాత వినలేదని ఎవరూ తప్పించుకోలేరు.

ఆనాటినుంచి వాగులో లొంపాను పట్టరాదు. మోటారుపడవ వాగులోకి వస్తే ఇంజను ఆపి తెడ్లతో నడపాలి. వాగులో చెత్త వెయ్యరాదు, వంటపాత్రలు కడగరాదు. గట్టుమీది చెట్లు కొట్టరాదు. ఇంటికప్పు అవసరానికి సాగుచెట్టు మాత్రం కొట్టవచ్చు. ఈ చివరి నియమం ఎందుకో ఆలోచించారా? గట్టున చెట్లుంటే నీటికి నీడ ఉంటుంది, గట్టు కోసుకుపోదు, నీరు బురదకాదు. లొంపా మళ్ళీ వాగుకు రావాలంటే వాగు వాగులాగానే ఉండాలి గదా!

కట్టు తప్పినవాడికి జరిమానా ఉన్నది. పిల్లలు తప్పుచేస్తే జరిమానా కట్టలేరు. వాళ్ళకు బెత్తంతో ఐదు దెబ్బలు. మిమ్మల్ని గుర్తుంచుకోమన్న ఐదు ఇదే. ఊళ్ళో ఉన్న ఐదు పెద్ద సోవాల బాధ్యతా ఈ పిల్లవాడు పెద్దయి మొయ్యాలి అని చెప్పటానికి సోవాకొక్క దెబ్బ చొప్పున లెక్క. చాలా ఏళ్ళు బడి నడిపినవాణ్ణి గనక చెబుతున్నాను, బెత్తం వల్ల చదువు వస్తుందని నేను నమ్మను. కాని ఆ అంకె వెనకనున్న ఆలోచన గమనించదగినది. ఒక గాలానికి తగిలిన ఒక చేప కూడా ఐదు సోవాలకూ చెందినదే అని ఆ కుర్రవాడు మరిచిపోడు.

ఇలా ఐదు, ఆరు, ఏడు నెలలు గడుస్తవి. వేలెడంత లేని పిల్లలు ఎదిగి మంచిచేపలవుతవి. అప్పుడు పెద్దలు సాసి తెరిచే రోజు నిర్ణయిస్తారు. ఆరోజు వేకువన మూడుగంటల వేళ ‘తీఫా’ అనే డప్పు మోగుతుంది. ఇళ్ళలో దీపాలు వెలుగుతవి. పడవలూ, వలలూ, బుట్టలూ, బకెట్లూ సర్దుకుంటారు. కెవాంగ్‌లు వాగు మొగలో మంటవేస్తారు. వెలుగు చూసి చేపలగుంపులు సముద్రంనుంచి వాగులోకి వస్తవి. డప్పు మళ్ళీ మోగుతుంది. ఊరంతా గట్టుకు చేరుతుంది. అంతమందీ వలలు పట్టుకుని నిలబడతారు కాని ఒక్కరూ వెయ్యరు. డప్పు మూడోసారి మోగిన తరవాత రాజా, పెద్దలూ వచ్చి మొదటి వల వేస్తారు. ఇక చూడండి! ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ, మీ అంత పిల్లలూ ఒక్కసారిగా నీళ్ళలోకి దిగుతారు. వాగంతా వెండిలాగా మెరుస్తుంది.

1984లో ఇలా సాసి తెరిచినప్పుడు సుమారు 35 టన్నుల చేప దొరికిందని అంబాన్‌లోని పట్టిమురా విశ్వవిద్యాలయంవాళ్ళు లెక్కవేశారు. 35 టన్నులంటే 35,000 కిలోలు. ఒక ఊళ్ళో 500 ఇళ్ళున్నవని అనుకుంటే ఇంటికి 70 కిలోలన్నమాట! తిన్నంత తిని, మిగిలినది ఉప్పువేసి ఎండబెట్టుకుంటారు. ఒకటి రెండు రోజుల తరవాత వాగుకు మళ్ళీ కట్టు పడుతుంది. ఆ మరుసటి సంవత్సరం, 1985లో, ఇండొనీషియా ప్రభుత్వం ప్రకృతిని కాపాడేవారికిచ్చే ‘కల్పతరు’ బహుమతిని హరుకు కెవాంగ్‌లకు ఇచ్చింది. బహుమతి పేరు కూడా మన కల్పతరువే! అక్కడి కెవాంగ్ పెద్ద ఎలిజా కిస్యా పేరు దేశమంతటా తెలిసింది.

అదే దీవిలో కైలోలో అనే మరొక ఊరున్నది. అక్కడ ఇంకొకరకమైన ఆస్తి చూడవచ్చు. ఆ ఊరి ఇసకనేలకు రాత్రిళ్ళు ఒకరకం పక్షులు వస్తవి. చిన్నకోడి అంత ఉంటవి. కొన్ని సముద్రం దాటి సెరాం అడవులనుంచి కూడా వస్తవి. ఇసకలో సుమారు రెండడుగుల లోతున గొయ్యి తవ్వి, గుడ్డు పెట్టి, కప్పివేసి వెళ్ళిపోతవి. పొదగటమంటూ లేదు. ఎండకు కాగిన ఇసకే పొదుగుతుంది. రెండు మూడు నెలలకు పిల్ల తనంతతాను ఇసక తవ్వుకుని పైకి వచ్చి, తల్లినీ తండ్రినీ చూడకుండానే అడవిదారి పడుతుంది. మన నికోబార్ దీవుల్లో కూడా ఈ కుటుంబపు పక్షి ఒకటున్నది. ఐతే అది గుడ్లను మట్టీ ఆకులూ పోగుచేసిన గుట్టలో పెడుతుంది.

కైలోలో పక్షి గుడ్డు కోడిగుడ్డుకు సుమారు రెట్టింపు ఉంటుంది. మంచిధర పలుకుతుంది. గుడ్లు తవ్వుకునే హక్కును ఊరు ఒక్కొక్క సంవత్సరానికి వేలం వేస్తుంది. డబ్బు ఊరికి వస్తుంది. పాడుకున్నవాడు తప్ప ఇంకెవరూ తవ్వరాదు. దీనివల్ల అల్లరిచిల్లరగా తవ్వటం తగ్గింది. కాని చిక్కు ఒకటున్నది. ఒక్క ఏడాదికే పాడుకున్నవాడికి పై ఏడాది సంగతి ఎందుకు? వీలైనన్ని గుడ్లు తవ్వుకోవాలనే అతనికి ఉంటుంది. కొన్ని గుడ్లనైనా ఇసకలో వదలాలని పక్షులను పరిశీలించినవాళ్ళు చెబుతున్నారు.

ఇదే చిక్కు సాసికీ వచ్చింది. మలుకులో కొన్ని ఊళ్ళు పగడపు రాళ్ళమీద పెరిగే పెద్దనత్తలకు సాసి పెట్టేవి. ఆ గుల్లలతో చొక్కాలకు ముత్యంలాగా మెరిసే గుండీలు చేస్తారు. గుల్లధర పెరిగేసరికి, ఏరుకునే హక్కును ఊరిపెద్దలు వర్తకులకు వేలం వెయ్యసాగారు. పూర్వం తనకూ వంతు దొరుకుతుందని కాపలా కాసినవాడు, ఇప్పుడు వంతు లేదు గదా అని ఊరుకున్నాడు. రాత్రివేళ దొంగతనంగా ఏరేవాళ్ళూ బయలుదేరారు. ఆకు అలాగే ఉన్నది. దాని మాట వినేవాళ్ళు తగ్గారు.

మరొక దెబ్బ చట్టం వల్ల తగిలింది. 1979లో వచ్చిన చట్టం ఇండొనీషియాలోని ఊళ్ళన్నిటికీ ఒకే పద్ధతి పెట్టింది. నెగెరికి బదులు ‘దేశా’, రాజాకు బదులు ‘కెపాల దేశా’, అంటే ఊరితల అన్నమాట. మన ‘దేశం’, ‘కపాలం’ అన్న మాటలే ఇవి. మాటలు బాగానే ఉన్నవి. కాని పాతపెద్దలకు చట్టంలో చోటులేకపోవటంతో చాలా ఊళ్ళలో సాసి చెదిరింది. 2004 తరవాత మలుకు ఊళ్ళకు నెగెరి అన్న పేరూ, రాజా పదవీ చట్టప్రకారమే తిరిగివచ్చినవి. ఈ మధ్యకాలంలో హరుకు కెవాంగ్‌లు తమ పని మానలేదు. దూరాన పపువా వైపున్న మిసూల్ దీవిలో ఐతే కొన్నిచోట్ల ఆడవాళ్ళే సంఘం కట్టి సాసి నడుపుతున్నారు.

ఐనా ఒక సందేహం మిగిలే ఉన్నది. లొంపా పగలు వాగులో ఉంటుంది, రాత్రి సముద్రానికి పోతుంది. వాగుకు కట్టు ఉన్నది. ఎల్లకు అవతల, పెద్దదీపాలు పెట్టుకుని రాత్రిళ్ళు వల వేసే పడవకు కొబ్బరాకు కనిపించదు. ఒక ఊరు తన కట్టును తాను కాపాడుకోవచ్చు. సముద్రాన్ని కాపాడాలంటే పక్క ఊళ్ళూ, ప్రభుత్వమూ కూడా కలిసిరావాలి.

పిల్లలూ, మన తీరంలో కూడా ఇటువంటి కట్టు ఒకటున్నది. చేపలు గుడ్లుపెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారుపడవలు సముద్రంలో వేటకు వెళ్ళరాదని ప్రభుత్వం నిషేధం పెడుతున్నది. మన తారీకులు కాగితం మీద రాసి ఉంటవి. హరుకులో చేపపిల్లలను చూసి తారీకు వేస్తారు. రెండింటి ఉద్దేశమూ ఒకటే.

మీ ఊళ్ళో చెరువుంటే, దానిలో చేపలు ఎప్పుడు పడతారో, ఎవరు పడతారో, వచ్చిన డబ్బు ఎవరికి చేరుతుందో పెద్దలనడిగి తెలుసుకోండి. పాడుకున్నవాడు చిన్నచేపలను వదిలేస్తాడా, లేక అన్నీ ఊడ్చేస్తాడా అని కూడా అడగండి. తెలుసుకున్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. హరుకులో మీ ఈడు పిల్లలకు తమ వాగు సంగతి నోటికి వచ్చు. వచ్చే ఏప్రిల్‌లో ఒడ్డున లొంపాపిల్లలు కనబడగానే, కెవాంగ్‌లకు చెప్పటానికి పరుగెత్తేది కూడా బహుశా వాళ్ళే.